భయస్తుడి మైకులు

మిషిగన్‌లోని ట్రాయ్‌లో తెలుగువాళ్ల ఇల్లు కనిపెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట, గరాజ్‌లో సోనామసూరి బస్తాలు ఉంటే చాలు. కృష్ణమోహన్ ఇంటికి మాత్రం ఇంకో గుర్తుంది. ఆ వీధి మొత్తం మీద ఇరవై అడుగుల జెండా కర్ర ఉన్న ఇల్లు అదొక్కటే. కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటుగారు ఒకసారి కారాపి మరీ దిగి, ఇంత దేశభక్తి ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లలో కూడా చూడలేదని మెచ్చుకుని వెళ్లాడు. కృష్ణమోహన్ నవ్వి ఊరుకున్నాడు. అది ఫైబర్‌గ్లాస్ గొట్టం. లోపల నిలువునా ఒక రాగి తీగ ఉంది. అతని రేడియోకి అదే ఏంటెన్నా. బాహాటంగా ఏంటెన్నా పెడితే అసోసియేషన్ నుంచి ఉత్తరం వస్తుందని భయం. జెండా ఎగరేస్తే ఎవరూ ఏమీ అనరు.

భయపడటంలో కృష్ణమోహన్‌ది అందెవేసిన చెయ్యి. పద్నాలుగేళ్లుగా హెచ్-వన్ వీసా మీద ఉన్నవాడు, గ్రీన్‌కార్డు లైన్లో నిలబడి నిలబడి జుట్టు నెరిసినవాడు, భయపడక ఇంకేం చేస్తాడులెండి. కార్లకి వైరింగ్ డిజైన్ చేసే కంపెనీలో ఉద్యోగం. మేనేజర్ ఒక్క నిమిషం మాట్లాడదాం రమ్మంటే చాలు, అతని మనసు అప్పుడే ఇల్లు ఖాళీ చేసి సామాను సర్దేస్తుంది. వెనకాల పోలీసు కారు కనిపిస్తే చెయ్యని తప్పులన్నీ గుర్తొస్తాయి. "అందరూ తాడుని చూసి పామనుకుంటారు. ఈయన పుట్టని, పుట్టలో పిల్లల్ని కూడా చూసేస్తారు" అని భార్య శాంతి నలుగురిలో ఆటపట్టిస్తుంది. ఆయనా నవ్వుతాడు. నవ్వుతూనే గరాజ్ తలుపు వేశామో లేదో అని లేచి వెళ్లి చూసొస్తాడు.

అలాంటివాడికి పాత మైకుల పిచ్చి పట్టింది. అమెరికా వచ్చిన మొదటి ఏడాది ఎవరి గరాజ్ సేల్‌లోనో, తుప్పు పట్టిన రెంచీల మధ్య, క్రోమియం పూత పూసిన బల్లమైకు ఒకటి కనిపించింది. అరవైలలో తయారైనది. దాన్ని ఎత్తి చూస్తే కింద ఎవరో స్త్రీ పేరు, ఒక తేదీ గీకి ఉన్నాయి. ఎవరి మాటల కోసం కొన్నారో, ఎంతకాలం మాట్లాడారో అనుకున్నాడు. అంతే, అక్కడ పడ్డాడు. ఇప్పుడు వీధి గుమ్మం పక్క గదిలో, గోడ పొడవునా అరల మీద అరవై మూడు మైకులున్నాయి. చేతిలో ఇమిడేవి, బల్ల మీద నిలబడేవి, హంస మెడలాంటి కాడ ఉన్నవి.

వాటిని ఊరికే అలంకారానికి పెట్టుకోడు. సీబీ రేడియోకి పనికొచ్చేలా మారుస్తాడు. సీబీ అంటే లారీ డ్రైవర్లు దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియో. లైసెన్సు అక్కర్లేదు, బిల్లు రాదు. ముందు దారిలో ఏం ప్రమాదం జరిగినా, ఎక్కడ మంచు గడ్డ కట్టినా, వెనక వచ్చేవాళ్లకి పందొమ్మిదో ఛానెల్‌లో చెప్పేస్తారు. ఒక్కటే నియమం. ఒకరు మైకు నొక్కి మాట్లాడుతున్నంతసేపు మిగతావాళ్లు ఊరుకోవాలి. పాత మైకుల్లో తీగల వరస వేరు, కొత్త రేడియోల్లో వేరు. లోపల గొంతుని పట్టే స్ఫటికాలు చెమ్మకి చచ్చిపోయి ఉంటాయి. కృష్ణమోహన్ ఆ స్ఫటికం తీసి, దాని చోట కొత్తది అమర్చి, గొంతు పెంచే చిన్న సర్క్యూట్ పెట్టి, పైరూపం మాత్రం మార్చకుండా ఇస్తాడు. చచ్చిన స్ఫటికాన్ని కూడా పారెయ్యడు, శాంతి వాడేసిన మాత్రల డబ్బాల్లో పేరు రాసి దాస్తాడు.

రెండు వీధుల అవతల ఉండే నోవాక్ ఈ విద్యలో అతని నేస్తం. ముప్ఫై ఏళ్లు లారీ నడిపి రిటైరైన పోలిష్ పెద్దాయన. కృష్ణమోహన్ బాగుచేసిన మైకుల్ని ఆయన పట్టుకెళ్లి పాత స్నేహితులకి ఇచ్చేవాడు. వీసా మీద ఉన్నవాడు జీతం తప్ప పైసా ముట్టకూడదు కనక, బదులుగా పగిలిన మైకులు తెచ్చి పడేసేవాడు. "క్రిస్ చేసిన మైకులో గుసగుసలాడినా అయిదు మైళ్ల అవతల వినిపిస్తుంది" అని డెట్రాయిట్ చుట్టుపక్కల లారీవాళ్లలో పేరు పడిపోయింది.

అసలు వింత చెప్పనేలేదు. ఇన్ని మైకులు చేసిన ఈ మనిషి గాలిలోకి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పరీక్షించాలంటే ముందు ఏంటెన్నా ఊడదీస్తాడు. మాట ఇంట్లోంచి బయటికి పోదని నమ్మకం కుదిరాకే హలో, వన్ టూ త్రీ అంటాడు. వచ్చిన కొత్తలో ఒకసారి ఎవరో పరాయి యాసవాడు ఛానెల్‌లో దారి అడిగితే, ఇద్దరు డ్రైవర్లు వాడి మాటని వెక్కిరించి, మీ దేశానికి దారి అటు అన్నారు. అది విన్నవాడు ఇతనే. అప్పటినుంచి వింటాడు, అంతే. మాట్లాడేటప్పుడు వెలగాల్సిన ఎర్ర బల్బు అతని రేడియోలో మాడిపోయి రెండేళ్లయింది. మార్చలేదు. మాట్లాడితే కదా వెలిగేది!

ఆ ఫిబ్రవరి శనివారం పొద్దున్నే శాంతి, పదేళ్ల కూతురు వేదని తీసుకుని ఫ్లింట్‌లో చెస్ టోర్నమెంట్‌కి వెళ్లింది. కృష్ణమోహన్ ఇంట్లో ఉండి కొత్తగా దొరికిన మైకు పని పూర్తి చేశాడు. లివోనియాలో ఎవరో పెద్దాయన పోతే ఇంటి సామాను అమ్మారు, అందులో దొరికింది. వెడల్పాటి పీఠం, పీఠానికి ముందువైపున చదునుగా, అరచేయి పట్టేంత పట్టీ. మాట్లాడాలంటే ఆ పట్టీని నొక్కి పట్టుకోవాలి. లోపలి స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకుపోతే, బాల్‌పెన్ను స్ప్రింగు ఒకటి కోసి పెట్టాడు. ఇప్పుడు పసిపిల్ల చెయ్యి వేసినా దిగుతుంది. మురిసిపోయి, దాన్ని రేడియోకి తగిలించి, ఏంటెన్నా కూడా తగిలించి, లారీవాళ్ల కబుర్లు వింటూ కూర్చున్నాడు.

మూడూ పదికి శాంతి ఫోన్ చేసింది.

"బయల్దేరాం. ఫోన్ రెండు పర్సెంట్ ఉంది, రోజంతా ఇది చెస్ యాప్‌లోనే కూర్చుంది. చార్జర్ తెచ్చాననుకున్నా, కనపడట్లేదు. ముప్పావుగంటలో వచ్చేస్తాం, టీ పెట్టండి."

"మెల్లగా డ్రైవ్ చెయ్. మబ్బుగా ఉంది."

"మీకెప్పుడూ మబ్బే" అని నవ్వింది. ఆ నవ్వు సగంలో ఫోన్ ఆరిపోయింది.

మూడున్నరకి కృష్ణమోహన్ ఫోన్ గుండెలదిరేలా కూసింది. మంచు తుఫాను హెచ్చరిక. ఉన్నట్టుండి వచ్చి, అయిదు నిమిషాల్లో రోడ్డుని తెల్లగా మింగేసే రకం. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గరాజ్ తలుపు కనిపించలేదు. కాసేపటికి ఎదురిల్లే కనిపించలేదు. చార్జర్ భోజనాల బల్ల మీద చుట్ట చుట్టుకుని ఉంది.

రేడియోలో ఎవరో అన్నారు: "సెవెంటీ ఫైవ్ సౌత్‌లో వచ్చేవాళ్లు స్పీడ్ తగ్గించండి. బాల్డ్విన్ దాటాక రోడ్డు మొత్తం గాజుపలక. ఇప్పుడే ఒకడు గిరగిరా తిరిగి డివైడర్‌కి కొట్టుకున్నాడు."

సెవెంటీ ఫైవ్ సౌత్ అంటే ఫ్లింట్ నుంచి ట్రాయ్ వచ్చే రోడ్డు. బాల్డ్విన్ ఎగ్జిట్ ఇంటికి తొమ్మిది మైళ్లు. శాంతి ఇంకో పదిహేను నిమిషాల్లో అక్కడికి వచ్చేస్తుంది. ఫోన్ చేశాడు. చచ్చిపోయిన ఫోన్ మోగుతుందా? మళ్లీ చేశాడు. ఆరుసార్లు చేశాడు.

వాళ్ల మినీవ్యాన్‌లో చిన్న సీబీ రేడియో ఉంది. శాంతి వద్దు మొర్రో అన్నా వినకుండా కిందటేడు అతనే బిగించాడు. లారీవాళ్ల నోళ్లు మంచివి కావని, వేదని దాని జోలికి పోవద్దన్నదీ అతనే. అయినా వేద వేద కదా, ఫోన్ లేక విసుగు పుట్టి తిప్పిందేమో. ఇంకాస్త దగ్గరికొస్తే ఇక్కణ్ణుంచి మాట అందుతుంది. అందుతుంది, మాట్లాడితే.

కృష్ణమోహన్ మైకు దగ్గరికి చెయ్యి తీసుకెళ్లాడు. జిల్లా మొత్తం వింటుంది. ఎవడీ ఫారినర్ అంటారు. మంచులో చావు బతుకుల మధ్య ఉన్నవాళ్ల ఛానెల్‌లో తెలుగు మాట్లాడతావా అంటారు. ఎవడో రికార్డు చేస్తాడు. ఎవడో కంప్లయింట్ చేస్తాడు. చెమట పట్టిన చెయ్యిని వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా భయాన్ని గెలవలేకపోయింది.

మనిషి చెయ్యలేని పని దేవుడి మీద పెట్టడం మనకి అలవాటే కదా. వంటింట్లోని దేవుడి మందిరంలోంచి ఇత్తడి ఆంజనేయుణ్ణి తెచ్చాడు. అరచేయంత విగ్రహం, కిలోకి తక్కువుండదు. శాంతి పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టింది. కొత్త కారు కొన్నా, కొత్త లాప్‌టాప్ వచ్చినా ముందు స్వామిని దాని మీద కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, దణ్ణం పెట్టుకోవడం ఆ ఇంటి పద్ధతి. స్వామిని మైకు పీఠం మీద, ముందువైపున చదునుగా ఉన్నచోట కూర్చోబెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

"నువ్వే చూసుకో తండ్రీ" అన్నాడు.

రేడియో నిశ్శబ్దమైపోయింది.

కృష్ణమోహన్ కళ్లు తెరిచి విన్నాడు. అరుపుల్లేవు, హెచ్చరికల్లేవు, ఆ గరగర కూడా లేదు. అతనికి ఒళ్లు గగుర్పొడిచింది. విన్నాడు, స్వామి విన్నాడు! రోడ్డు మీద ప్రమాదం ఉంటే లారీవాళ్లు ఊరుకుంటారా? ఛానెల్ ప్రశాంతంగా ఉందంటే దారి కూడా ప్రశాంతంగా ఉన్నట్టే. కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. మంచు ఏమీ తగ్గలేదు. రేడియోలో నిశ్శబ్దం మాత్రం అలాగే ఉంది. దాన్నే పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

అయినా పిరికి ప్రాణం ఊరుకోదు. తనలో తను మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. ఒంటరిగా ఉన్నప్పుడు కంగారొస్తే అతనికి అది అలవాటు.

"శాంతీ, తొందరేం లేదు. మెల్లగా రా. ముందు బండికి దగ్గరగా పోకు. బ్రేక్ గట్టిగా తొక్కకు, జారుతుంది. కనపడకపోతే ఎగ్జిట్ తీసుకో. ఏ ఎగ్జిట్ అయినా సరే, తీసుకుని ఎక్కడైనా గ్యాస్ స్టేషన్‌లో ఆగిపోండి. నేను కంగారు పడను. వేదా, బంగారుతల్లీ, అమ్మని విసిగించకు. ఎగ్జిట్ తీసుకో శాంతీ, ఎగ్జిట్ తీసుకో."

మధ్యమధ్య తెలిసిన స్తోత్రాలు, తెలియని మొక్కులు. మళ్లీ మొదటికి. మూడూ యాభై అయింది, నాలుగైంది, నాలుగుంపావు అయింది. ముప్పావుగంటలో రావలసినవాళ్లు రాలేదు. మంచు కదా, ఆలస్యమవుతుంది అనుకున్నాడు. తర్వాత అలా అనుకోవడం కూడా చేతకాలేదు. పెద్దవాడై ఉండి, ఖాళీ గదిలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అప్పుడు ఎవరో తలుపు దబదబా బాదారు.

కిటికీలోంచి నారింజరంగు కోటు కనిపించింది. నోవాక్. ఫోన్ చెయ్యకుండా గుమ్మం ఎక్కే మనిషి కాడు. ఇంత మంచులో, ఆ మోకాళ్లతో నడిచి వచ్చాడంటే చెప్పాల్సింది ఫోన్లో చెప్పేది కాదన్నమాట. కృష్ణమోహన్ తలుపు దాకా వెళ్లి గొళ్లెం మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. తెరిస్తే ఆ వార్త ఇంట్లోకి వచ్చేస్తుంది. తెరవకపోతే ఇంకాసేపు బయటే ఉంటుంది. నోవాక్ మళ్లీ బాదాడు. తెరిచాడు.

పెద్దాయన మీసాల మీద మంచు. చేతిలో చిన్న సీబీ సెట్టు.

"ఏమైంది?" అన్నాడు కృష్ణమోహన్, తెలుగులో.

"ఏమైంది?" అంది నోవాక్ చేతిలోని సెట్టు, అదే క్షణంలో, అదే గొంతుతో. వెంటనే చెవులు చిల్లులు పడేలా ఒక కూత. నోవాక్ దాని నోరు నొక్కేశాడు.

"నీ మైకు తెరిచి ఉంది, క్రిస్. నలభై నిమిషాలుగా."

"నా మైకా? నేను మాట్లాడలేదు."

"నువ్వు తప్ప ఇంకెవరూ మాట్లాడలేదయ్యా! మాట్లాడటానికి చోటేదీ? సిగ్నల్ పెరిగే వైపు కారు పోనిచ్చుకుంటూ వచ్చాను, మీ వీధి మొదట్లో మంచులో దిగబడింది, అక్కణ్ణుంచి నడిచాను. ఎవరి భాషో తెలీదు, ఏమంటున్నావో తెలీదు. ఎవడో చచ్చేంత భయపడుతున్నాడని మాత్రం తెలిసింది. అంత స్పష్టంగా వినిపించే మైకు ఈ ఊళ్లో ఇంకెవడి దగ్గరుంటుంది?"

కృష్ణమోహన్ వెనక్కి తిరిగి గదిలోకి చూశాడు. ఆంజనేయస్వామి మైకు పీఠం మీద, ఆ చదునైన పట్టీ మీద నిండుగా కూర్చుని ఉన్నాడు. పట్టీ పూర్తిగా కిందికి దిగిపోయి ఉంది. రేడియో మీద సూది కుడివైపు చివర కదలకుండా నిలబడి ఉంది. మైకు నొక్కి ఉన్నంతసేపు రేడియో వినదు, పంపుతూనే ఉంటుంది. అతను స్వామి దయ అనుకున్న నిశ్శబ్దం అదీ. వైరింగ్ ఇంజనీరు, అరవై మూడు మైకుల ఆసామి, కంచే చేను మేసేసింది. ఒక్క అంగలో వెళ్లి విగ్రహాన్ని ఎత్తేశాడు.

టక్‌మని పట్టీ లేచింది. రేడియో బద్దలైనట్టు గొంతులన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

"...ముప్ఫై బండ్ల పైనే, ఇంకా వచ్చి గుద్దుతూనే ఉన్నాయి..." "...సౌత్‌బౌండ్ ఆపండి, బాల్డ్విన్ దాటి రావద్దు, ఎవరికైనా వినిపిస్తోందా..." "...గ్రే మినీవ్యాన్ ఒకటి ట్రెయిలర్ కిందికి పోయింది, లోపల ఎవరున్నారో..."

వాళ్ల వ్యాన్ గ్రే రంగుది. కృష్ణమోహన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. బల్ల అంచు పట్టుకున్నాడు.

"అడుగు" అన్నాడు నోవాక్.

"మీరడగండి. ప్లీజ్. నాకు మాట రావట్లేదు."

"నీ పెళ్లాం పేరు నాకు పలకడం రాదు. మీ బండి నంబరు నాకు తెలీదు. అడగాల్సింది నువ్వే, క్రిస్."

కృష్ణమోహన్ పట్టీ మీద వేలు పెట్టి నొక్కాడు. భయం పోలేదు. పోతుందని ఎవరు చెప్పారు? శాంతి ఉందో లేదో తెలియని భయం ముందు మిగతా భయాలన్నీ చిన్నపిల్లలైపోయి పక్కకి తప్పుకున్నాయి. తనకొచ్చిన ఇంగ్లిషులో, తనకున్న యాసలో మాట్లాడాడు.

"ఇంతసేపు ఛానెల్ మూసేసింది నేనే. నా మైకు. నాకు తెలియలేదు, కానీ తప్పు నాదే. నా భార్య, నా కూతురు గ్రే వ్యాన్‌లో ఫ్లింట్ నుంచి వస్తున్నారు. వెనక అద్దం మీద చెస్ గుర్రం బొమ్మ అంటించి ఉంటుంది. ఎవరైనా చూస్తే చెప్పండి. దయచేసి చెప్పండి."

ముందు బూతులొచ్చాయి. ఇద్దరు ముగ్గురు తిట్టారు, తిట్టాల్సిన తిట్లే. అతను తల వంచుకుని విన్నాడు. తర్వాత గరగర మధ్య సన్నగా, దూరంగా, సాగదీసిన అమెరికన్ తెలుగు.

"నాన్నా? నాన్నా, ఇట్స్ మీ."

నోవాక్ టోపీ తీసేశాడు.

"వేదా! ఎక్కడున్నారమ్మా? దెబ్బలు తగిలాయా? అమ్మేదీ?"

"వీ ఆర్ ఓకే. గ్యాస్ స్టేషన్‌లో ఉన్నాం, బాల్డ్విన్ దగ్గర. అమ్మ హాట్ చాక్లెట్ కొంటోంది. నువ్వు ఎగ్జిట్ తీసుకో, ఎగ్జిట్ తీసుకో అని చెప్తూనే ఉన్నావ్ కదా. నేను అమ్మకి చెప్పాను. అమ్మ ఫస్ట్ నమ్మలేదు, నాన్న రేడియోలో మాట్లాడరు అంది. తర్వాత నీ వాయిస్ విని ఏడ్చేసింది. వెంటనే ఎగ్జిట్ తీసుకుంది."

కృష్ణమోహన్ బల్ల మీద తలవాల్చి, పట్టీ మీద వేలు మాత్రం తియ్యకుండా, తల్లీ తల్లీ అని అంటూ ఉండిపోయాడు. నోవాక్ ఆ వేలిని మెల్లగా పక్కకి తీశాడు, పిల్ల ఇంకేదో చెప్పబోతోందని.

"నాన్నా, నీ వాయిస్ కింద ఎవరో అంకుల్ ఉన్నాడు" అంటోంది వేద. "హోల్ టైమ్ అరుస్తున్నాడు. నీ వాయిస్ పెద్దది, ఆయనది చిన్నది. ఆయన ఏం చెప్పాడో మాకు వినపడలేదు. హూ వాజ్ హీ?"

"పాప ఏమంటోంది?" అన్నాడు నోవాక్.

"క్షేమంగా ఉన్నారు. నా మాట విని ఆగారట."

నోవాక్ గట్టిగా నవ్వి అతని వీపు చరిచాడు. కృష్ణమోహన్‌కి నవ్వు రాలేదు. సగమే చెప్పానని అతనికి తెలుసు. ఆ మిగతా సగం చెప్పేలోపే రేడియోలో ఒక బొంగురు గొంతు వచ్చింది. అరిచి అరిచి అరిగిపోయిన గొంతు.

"అది నీ కూతురేనా, బేస్ స్టేషన్?" అంది, ఇంట్లోంచి మాట్లాడేవాణ్ణి డ్రైవర్లు పిలిచే పేరుతో.

"అవును సార్."

"క్షేమమేనా?"

"అవును."

"మంచిది." కొంచెంసేపు గాలి ఊదిన చప్పుడు. "నేను గుద్దుకున్న బండ్ల గుట్టకి ముందు వరసలో ఇరుక్కుని ఉన్నాను. కాలు బయటికి రావట్లేదు, ఫరవాలేదు. నేను గుద్దుకున్నప్పుడు నా తమ్ముడు నా వెనక అయిదు మైళ్లలో ఉన్నాడు. లారీకి ఎర్ర క్యాబ్, పేరు డెనిస్. ఆగిపోరా అని వాడికి చెబుదామని ఇంతసేపూ... నీ దగ్గర పెద్ద ఏంటెన్నా ఉన్నట్టుంది. నా మాట వాడికి అందట్లేదు. ఒకసారి నువ్వు పిలుస్తావా?"

తిట్టి ఉంటే బాగుండేదని కృష్ణమోహన్‌కి అనిపించింది. తన ఇంటిదీపాలు రెండూ వెలుగుతున్నాయి. అందుకు సంతోషించాలంటే భయమేసింది. మిగతా సగం నోవాక్‌కి చెప్పేశాడు, వేద చెప్పింది చెప్పినట్టు. పెద్దాయన కుర్చీ జరిపి అతన్ని మైకు ముందు కూర్చోబెట్టాడు.

"డెనిస్, ఎర్ర క్యాబ్ డెనిస్, మీ అన్న పిలుస్తున్నారు. బాల్డ్విన్ దాటి రావద్దు. వినిపిస్తే ఒక్కసారి మైకు నొక్కండి."

వేలు తీసి విన్నాడు. గరగర. మళ్లీ పిలిచాడు. ఆ పిలుపు విని ఇద్దరు డ్రైవర్లు దూరంలోనే ఆగిపోయామని చెప్పారు. ఒకావిడ తన వెనకున్న పదిమందిని ఆపానంది. డెనిస్ పలకలేదు. అయిదయ్యేసరికి మంచు పలచబడింది. హెలికాప్టర్ చప్పుడు ఇంటి మీదుగా పోయింది. బొంగురు గొంతు ఇంకో రెండుసార్లు ఏమైనా తెలిసిందా అని అడిగి, తర్వాత అడగడం మానేసింది. అంబులెన్సువాళ్లు తీసుకెళ్లి ఉంటారని నోవాక్ అన్నాడు. కృష్ణమోహన్ పిలవడం ఆపలేదు.

శాంతి, వేద ఇంటికి చేరేసరికి ఏడు కావస్తోంది. వేద పరుగెత్తుకొచ్చి వెనకనుంచి మెడ వాటేసుకుంది. కోటు నిండా మంచు వాసన. శాంతి గుమ్మంలో నిలబడి బల్ల మీద ఆంజనేయుణ్ణి చూసింది. నోవాక్ చెప్పగా జరిగిందంతా వింది. కళ్లొత్తుకుని చేతులు జోడించింది.

"స్వామే మీ చేత మాట్లాడించారండీ. లేకపోతే మేమిద్దరం ఇవాళ..."

కృష్ణమోహన్ భార్య వైపు చూశాడు. అవునని అనాలని ఉంది. ఆ స్వామే ఇంకొకడి నోరు నొక్కాడని అనాలా? అది స్వామి పని కాదని, విగ్రహాన్ని అక్కడ పెట్టిన చెయ్యి తనదేనని అతనికి తెలుసు. మాట్లాడటానికి భయపడి పెట్టిన చెయ్యి.

"నాన్నా, ఆ అంకుల్ తమ్ముడు దొరికాడా?" అంది వేద.

"ఉండమ్మా. మాట్లాడకు, వినపడుతుందేమో."

ఎడం చేత్తో పిల్ల చల్లటి చేతుల్ని పట్టుకుని, కుడిచేతి వేలు పట్టీ మీంచి తీసి, కృష్ణమోహన్ రేడియో దగ్గరికి వంగి విన్నాడు.